రబ్బరు మూతకు రెండు రంధ్రాలు

రస్ ఓడెల్ చనిపోయాడన్న మాటను డిటెక్టివ్ మార్తా కెల్సో ఎలాగో జీర్ణించుకుంది. చేతిలో సిరంజితో చనిపోయాడన్న మాటే ఎంతకీ గొంతు దిగడం లేదు.

"ఇంకోసారి చెప్పు హ్యూగో," అంది.

హ్యూగో మార్ష్ మర్దనా బల్ల అంచున కూలబడి ఉన్నాడు. హారియర్స్ బేస్‌బాల్ జట్టులో ఎవడి నరం పట్టేసినా, ఎవడి చీలమండ బెణికినా అతని చేతుల్లోకి రావలసిందే. అరవై దాటినా ఇనపకడ్డీల్లాంటి చేతులు. ఇప్పుడవి ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

"ఎన్నిసార్లని చెప్పనమ్మా! పొద్దున ఎనిమిదింటికి తాళం తీద్దామని వచ్చాను. అప్పటికే తీసి ఉంది. రస్ వచ్చి ఉంటాడనుకున్నాను. మోకాళ్ళకు మంచు కట్టించుకోవడానికి రోజూ అందరికంటే ముందొచ్చేది అతనేగా. పిలిచాను. పలకలేదు. వెనక బాత్రూంలో లైటు వెలుగుతోంది. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. అడ్డంగా... అతనే."

"సిరంజి?"

"చేతిలోనే."

"ఇంతకుముందు ఎప్పుడైనా అతను ఇలాంటివి..."

హ్యూగో గభాల్న లేచి నిలబడ్డాడు. "ఈ గదిలో బట్టలు మార్చుకునేవాళ్ళలో ఎవడి పేరైనా చెప్పు, అయ్యుండొచ్చు అంటాను. నా పేరు చెప్పినా కాస్త ఆలోచిస్తాను. రస్ పేరు మాత్రం చెప్పకు."

కెల్సో అతన్ని మళ్ళీ బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? పద్నాలుగేళ్ళుగా ఓడెల్ ఈ జట్టుకు క్యాచర్. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, మీదికొచ్చే బంతుల్ని పట్టీ పట్టీ మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. ఈ అయిదారేళ్ళలో అతని చుట్టూ ఉన్నవాళ్ళంతా మారిపోయారు. శీతాకాలం సెలవులకు సన్నగా వెళ్ళినవాడు వసంతానికి ఎద్దులా తిరిగొచ్చేవాడు. టోపీ కొలతలు పెరిగాయి. మెడలు భుజాల్లో కలిసిపోయాయి. నిన్నటిదాకా కంచె దగ్గర వాలిపోయే బంతులు ఇవాళ పార్కింగ్‌లో కార్ల అద్దాలు పగలగొడుతున్నాయి. పాత రికార్డులన్నీ పేకమేడల్లా కూలుతున్నాయి. స్టేడియం నిండుతోంది. నిండిన స్టేడియంలో ఎవరు ఎవర్ని ప్రశ్నిస్తారు?

ఓడెల్ ఒక్కడే ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాడు. "కండ పెంచుకోండిరా, కొనుక్కోకండి," అని బడి బడికీ తిరిగి పిల్లలకు చెప్పేవాడు. కెల్సో మేనల్లుడి బడికీ వచ్చాడు. ఆ రోజు వాడు ఇంటికొచ్చి, పెరట్లో అతనిలాగే గొంతుక్కూర్చుని అన్నం వేళ దాకా లేవలేదు.

"ఆ బాత్రూంలోకి ఎవర్నీ పోనివ్వలేదుగా?"

"మీవాళ్ళు శవాన్ని తీసుకెళ్ళాక నేనే తాళం వేశాను. ఇదిగో." హ్యూగో తాళం చెవి అందించాడు.

దాన్ని మధ్యలోనే ఇంకో చెయ్యి అందుకుంది.

"ఆ శ్రమ అక్కర్లేదు కెల్సో. ఇక్కడ చూడటానికి ఏమీ లేదు."

డగ్లస్ ప్రూయిట్. లీగ్ భద్రతా విభాగానికి పెద్ద. ఒకప్పుడు ప్రభుత్వ గూఢచారి శాఖలో పనిచేసినవాడు. ఆ ఉద్యోగం వదిలినా ఆ బూడిద రంగు సూటు మాత్రం వదల్లేదు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఏ ఆటగాడు తాగి కారు గుద్దినా, ఏ ఆటగాడి పెళ్ళాం పోలీసులకు ఫోను చేసినా, కెల్సో కంటే ముందు అక్కడ ఇతనుండేవాడు. తర్వాత ఆ కేసు ఉండేది కాదు.

"పొద్దున్నే దిగావేం ప్రూయిట్? ఎవరు చెప్పారు నీకు?"

"అన్నీ తెలుసుకోవడమే నా పని. ఇదిగో, పత్రికలకు ఇచ్చేది ఇదీ: ఓడెల్ గుండెపోటుతో పోయాడు. ఒంటిగంటకు ఆట మొదలయ్యే ముందు అందరూ లేచి నిలబడి మౌనం పాటిస్తారు. అతని భార్యకు పరువు మిగులుతుంది. ఆటకూ మిగులుతుంది."

"గుండెపోటని ఎవరన్నారు? శవాన్ని నువ్వు కోశావా?"

"ఏళ్ళ తరబడి ఆ కండల మందు ఎక్కించుకుంటే గుండె ఆగక ఏమవుతుంది?"

హ్యూగో ఉలిక్కిపడి తలెత్తాడు. కెల్సో ప్రూయిట్ ముఖంలోకి చూసింది.

"ఏళ్ళ తరబడా? రస్ ఓడెలా?"

"కళ్ళు తెరువు కెల్సో. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. ఆ మోకాళ్ళతో ఇంకా ఎలా ఆడుతున్నాడనుకున్నావు? పిల్లలకు నీతులు చెప్పేవాళ్ళే చాటున..."

"తాళం చెవి ఇలా ఇయ్యి."

"సాయంత్రం దాకా ఆగితే..."

"ఇది నా ఊరు, నా శవం. పోలీసు పనికి అడ్డొచ్చాడని లీగ్ పెద్దని బేడీలతో బయటికి నడిపిస్తే, గేటు దగ్గర కెమెరాలు ఎన్ని ఉన్నాయో చూశావుగా?"

ప్రూయిట్ నవ్వాడు. ఇచ్చాడు. వెనకే వచ్చాడు కూడా.

బాత్రూం ఇరుకు. కమోడ్, వాష్ బేసిన్, గోడకు ఒక అద్దం. నేల మీద మనిషి ఆకారంలో గీసిన గీత. కెల్సో చేతులకు తొడుగులు వేసుకుని గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. తొందరపడలేదు.

బేసిన్ అంచున చొక్కా మడతపెట్టి ఉంది. పక్కన వాడేసిన దూది ముక్కలు, ఒకటి కాదు, గుప్పెడు. ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నట్టు. కమోడ్ వెనక తెల్ల తువ్వాలు ఒకటి ఉండచుట్టి పడుంది. విప్పింది. మధ్యలో రెండు వరసల పంటి గాట్లు. నూలు తెగేంత లోతుగా ఉన్నాయి.

"ఇదేమిటో చెప్పు ప్రూయిట్."

"తువ్వాలు."

"నోట్లో కుక్కుకుని కొరికాడు. అరుపు బయటికి రాకుండా." ఆమె ఫోను తీసి శవపరీక్ష చేస్తున్న డాక్టర్ ఫెల్డ్‌మన్‌కి చేసింది. అవతలి మాట ప్రూయిట్‌కీ వినబడేలా స్పీకరు నొక్కింది. "డాక్టరుగారూ, తొడ మీద సూది గుర్తులెన్ని?"

"నేనే చేద్దామనుకుంటున్నా మార్తా. కుడి తొడ మీద నాలుగున్నాయి. మూడు పైపైనే, చర్మం గీరుకున్నట్టు. నాలుగోదే లోపలికి దిగింది. మూడుసార్లు ధైర్యం చాల్లేదు పాపం. తక్కిన ఒళ్ళంతా వెతికాను. పాత గుర్తు ఒక్కటీ లేదు. కాలేయం చూస్తే పసిపిల్లాడిది. ఈ మనిషి జన్మలో ఇదే మొదటిసారి."

ప్రూయిట్ ముఖంలో నవ్వు పోయింది.

"ఏళ్ళ తరబడి అన్నావు," అంది కెల్సో ఫోను పెట్టేసి. మొదటిసారి. అంటే నిజంగానే ఎక్కించుకున్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. చొక్కా మడతపెట్టుకుని, తువ్వాలు కొరుక్కుని, తనంతట తానే. ఈ ఊరంతా ఎవరి మీద ఒట్టేసేదో ఆ మనిషే.

"ఎందుకు?" అంది, ఎవర్నీ ఉద్దేశించకుండా.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. హ్యూగో తలుపుకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మొన్న మేనేజర్ పిలిచి చెప్పాడమ్మా. వచ్చే నెల కొత్త క్యాచర్ వస్తున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఇంతింత చేతులు. రస్ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. 'నేనేమైనా తక్కువ కష్టపడ్డానా హ్యూగో?' అన్నాడు. ఏం చెప్పను? 'అందరూ నిచ్చెనేసుకుని ఎక్కుతున్నారు, నువ్వొక్కడివే గోడ పాకుతున్నావు' అన్నాను. నవ్వులాటకి అన్నానమ్మా! నిజంగా నవ్వులాటకే!"

కెల్సో అతని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత మళ్ళీ నేల మీదికి వంగింది. బేసిన్ కింద, పైపు వెనక, టార్చి వెలుగులో ఏదో మెరిసింది. పట్టకారుతో బయటికి లాగింది.

బొటనవేలంత గాజు సీసా. మీద గుర్రం బొమ్మ, ఏదో పరాయి భాషలో రాత. అడుగున కొద్దిగా మందు మిగిలి ఉంది. మూతికి అల్యూమినియం పట్టీ, మధ్యలో సూది గుచ్చడానికి ఎర్ర రబ్బరు. ఆమె జేబులోంచి భూతద్దం తీసి ఆ రబ్బరును చాలాసేపు చూసింది.

"ఒకసారి ఇటు రా ప్రూయిట్. గూఢచారి కళ్ళు కదా, ఏం కనబడుతోందో చెప్పు."

అతను అయిష్టంగా వంగాడు. చూశాడు. ఇంకోసారి చూశాడు.

"రెండు రంధ్రాలు."

"ఒకటి లావు, ఒకటి సన్నం. ఓడెల్ చేతిలో ఉన్నది లావు సూది. నూనెలా చిక్కగా ఉండే మందు సన్న సూదిలోంచి రాదు. అతను ఒక్కసారే మందు తీశాడు. సిరంజి నిండుగా తీసుకోవడానికి ఒక్కసారి చాలు. మరి ఈ సన్న రంధ్రం ఎవరిది?"

"తయారుచేసేచోట ఏదో..."

"తయారుచేసేచోట పట్టీ వేశాక మూతకు సూది గుచ్చరు. ఆ సన్న రంధ్రంలోంచి ఎవరూ మందు తియ్యలేదు ప్రూయిట్. ఇందులోకి ఏదో ఎక్కించారు."

సీసాను సంచిలో వేసి, బయట నిలబడ్డ కానిస్టేబుల్ చేతికిచ్చింది. "డాక్టర్ ఫెల్డ్‌మన్‌కి. సైరన్ వేసుకుని వెళ్ళు." ఆ తర్వాత హ్యూగో వైపు తిరిగింది. "గుర్రం బొమ్మ సీసా. ఇది ఎవరి దగ్గర చూశావు?"

"నేనా? నేనేం..."

"సీసా బయటికి రాగానే నీ కళ్ళు ఎటు పోయాయో నేను చూశాను. మూడో లాకరు వైపు. రస్ మీద ప్రేమ ఉంటే చెప్పు."

హ్యూగో పెదవి కొరుక్కున్నాడు. "కోల్బీ," అన్నాడు చివరికి.

కోల్బీ ట్రాస్క్ బరువులెత్తే గదిలో ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఈ ఏడు లీగ్ మొత్తం మీద బంతిని కంచె దాటించే హోమ్ రన్లు ఎక్కువ కొట్టింది అతనే. తలుపులోంచి వచ్చేటప్పుడు కాస్త పక్కకి తిరగాలి, అంత వెడల్పు. మెడ మీదా వీపు మీదా ఎర్రటి మొటిమలు పొక్కి ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"నాకేం తెలీదు మేడమ్. రస్ నాకు అన్నలాంటివాడు."

"నీ గుర్రం బొమ్మ సీసా ఆ అన్న పడిపోయిన చోటే దొరికింది బాబూ."

"నాది కాదు."

"సరే, నీది కాదు. మరి నీ లాకర్లోంచి ఏదైనా పోయిందా?"

అతను నేల చూపులు చూశాడు. ప్రూయిట్ అడ్డం వచ్చాడు. "కోల్బీ, లాయరు లేకుండా ఒక్క మాట మాట్లాడకు."

"వీడికి నువ్వేమవుతావు, మేనమామవా?" అంది కెల్సో. "చూడు బాబూ, నీ ఒంట్లో ఏం పోసుకుంటున్నావో నాకు అనవసరం. అది ఊళ్ళో గుడ్డివాడికి కూడా తెలుసు. నాకు కావలసింది ఒక్కటే..."

ఫోను మోగింది. ఫెల్డ్‌మన్. ఈసారి ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే పరిహాసం లేదు.

"మార్తా, ఇది తుదిమాట కాదు, కోర్టులో నన్ను పట్టుకోకు. కానీ ఆ అడుగు చుక్కల్లో కండలు పెంచే మందుతోపాటు ఇంకోటుంది. ఆపరేషన్ బల్ల మీద రోగి కదలకుండా వాడతారే, ఆ రకం. పక్కన ఊపిరి అందించే యంత్రం లేకపోతే మనిషికి తెలివి ఉండగానే శ్వాస ఆగిపోతుంది. అరవలేడు కూడా. చాలా కొద్ది పడినా చాలు."

ఆమె ఫోను జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేత్తోనే పట్టుకుంది. తెలివి ఉండగానే. ఆ ఇరుకు గదిలో, తలుపుకి అడ్డంగా.

విన్నది విన్నట్టు చెప్పింది. కోల్బీ ట్రాస్క్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అది నా సీసా," అన్నాడు మెల్లిగా. "సబ్బుల సంచిలో దాచాను. నిన్న చూస్తే లేదు. ఎవర్నని అడుగుతాను? దొంగ సొత్తు పోయిందని దొంగ అరుస్తాడా? రస్ తీశాడని నాకు కల్లో కూడా..." అతను అరచేతులతో కళ్ళు నొక్కుకున్నాడు. "ఇవాళ ఆటకు ముందు వేసుకోవాల్సింది నేను. ఇవాళ. అక్కడ చావాల్సింది నేను."

"ఎందుకు? నిన్ను చంపాలని ఎవరికుంది?"

ట్రాస్క్ ప్రూయిట్ వైపు చూశాడు. ఆ చూపును పట్టుకుని కెల్సో కూడా ప్రూయిట్ వైపు తిరిగింది.

"ఏమిటది? చెప్పు."

"అది రహస్యం. కోర్టు ఉత్తర్వు ఉంది."

"ప్రూయిట్!"

అతను టై ముడి వదులు చేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ పని చెయ్యగా ఆమె చూడటం ఇదే మొదలు. "సోమవారం ఇతను కేసు నడపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పబోతున్నాడు. మందు ఎవరు పంపుతారో, ఎవరెవరు కొంటారో, అన్నీ. ఆ సంగతి నాకూ, ప్రభుత్వ లాయర్లకూ, మా ఆఫీసులో ఇద్దరికీ తప్ప..."

"ఇది పొద్దున్నే తెలిసుండీ గుండెపోటు కథ చెప్పావా నాకు?"

"నిజంగా గుండెపోటే అనుకున్నాను! దేవుడి తోడు. ఓడెల్‌కీ దీనికీ సంబంధం ఉంటుందని నేనెలా అనుకుంటాను?"

"మీ ఆఫీసులో ఇద్దరు. వాళ్ళలో ఒకడి నోరు జారింది. ఫలితం అక్కడ నేల మీద సుద్దతో గీసి ఉంది, వెళ్ళి చూసుకో." ఆమె మళ్ళీ ట్రాస్క్ ముందు కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించింది. "బాబూ, ఆ మందు నీకు ఎలా వచ్చింది?"

"పార్సిల్లో. ఎప్పుడూ వచ్చే చోటు నుంచే."

"ఈ ఒక్క సీసాయేనా?"

అతను తల అడ్డంగా ఊపబోయి ఆగిపోయాడు. చేతులు మెల్లగా తల మీదికి వెళ్ళాయి. ఎద్దులాంటి ఆ మనిషి నోట్లోంచి పిల్లి కూనలాంటి మూలుగు వచ్చింది.

"రెండు," అన్నాడు. "రెండొచ్చాయి."

"రెండోది ఏది?"

"నేట్‌కి పంపాను. మా తమ్ముడికి."

నేట్ ట్రాస్క్‌కి ఇరవయ్యేళ్ళు. మేసన్ ఫాల్స్ అనే చిన్న ఊరి జట్టులో, లీగ్ కింది మెట్టు మీద ఆడుతున్నాడు. వాడు విసిరే బంతికి వేగం చాలడం లేదట. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే సంచి సర్దుకుని ఇంటికెళ్ళాలట. అందుకని అన్న పంపాడు. ఇవన్నీ ట్రాస్క్ ఏడుస్తూనే చెప్పాడు, స్పీకరు పెట్టి ఫోను నొక్కుతూ. మొదటిసారి తప్పు నంబరు పోయింది. రెండోసారి మోగింది. మోగుతూనే ఉంది.

"అన్నా!" హుషారైన గొంతు. "ఏమిటి, ఆట పెట్టుకుని ఇప్పుడు చేశావ్? విన్నావా, రస్ ఓడెల్ పోయాడటగా, టీవీలో..."

కెల్సో ఫోను లాక్కుంది.

"నేట్, నేను పోలీసుని. మీ అన్న పంపిన సీసా వాడావా? అవునా కాదా చెప్పు, చాలు."

"ఏ సీసా? నాకేం..."

"అందులో విషం ఉందిరా నాయనా!"

ట్రాస్క్ రెండు చేతులూ జోడించి పెట్టుకున్నాడు.

"నేను వాడలేదు," అన్నాడు నేట్. హుషారంతా చచ్చిపోయింది. "భుజం నొప్పని నన్ను ఇవాళ ఆపేశారు. రూంలోనే ఉన్నా. నా వంతు ఇక్కడే ఉంది."

ట్రాస్క్ నేల మీదికి జారి బావురుమన్నాడు. కెల్సో మాత్రం కదల్లేదు. చివరి మాట ఒక్కటే చెవిలో గింగురుమంటోంది.

"నీ వంతేమిటి?"

"ఒక్కణ్ణే ఎలా వాడుకుంటాను మేడమ్? అందరం ఒకే పడవలో ఉన్నాం. పొద్దున ముగ్గురం తలా ఒక సిరంజిలో నింపుకున్నాం. పీట్, లామార్ వాళ్ళవి పట్టుకుని వెళ్ళారు. ఇవాళ వేరే ఊళ్ళో ఆట. బస్సెక్కారు. ఆటకు ముందు ఎక్కడో ఒకచోట... అయ్యో దేవుడా! వాళ్ళ ఫోన్లు... బస్సులో మేనేజర్ ఫోన్లు పట్టుకోనివ్వడు!"

కెల్సో ప్రూయిట్ వైపు తిరిగింది. "ఆ బస్సుని ఆపాలి. హైవే పోలీసులకు రేడియోలో చెప్తున్నాను."

"ఏమని చెప్తావు? విషం కలిపిన స్టెరాయిడ్లు ఉన్నాయనా? ఆ రేడియో ప్రతి పత్రికవాడూ వింటాడు! అయిదు నిమిషాల్లో దేశమంతా..."

వాక్యం మధ్యలోనే ఆగిపోయాడు. ఎదురుగా నేల మీద ట్రాస్క్ రోదన. తలుపు దగ్గర హ్యూగో అతన్నే చూస్తున్నాడు. ప్రూయిట్ నుదుటి మీద చెమట పట్టింది. పదేళ్ళుగా కప్పిపెట్టడమే పనిగా బతికిన మనిషికి, మూత తియ్యడం చేతకావడం లేదు.

"జట్టు బస్సుల డ్రైవర్ల నంబర్లన్నీ నీ దగ్గర ఉంటాయి," అంది కెల్సో. "నేను రేడియో అందుకుంటున్నాను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం."

ఆమె రేడియోలో బస్సు పేరూ, దారీ, విషం మాటా, ఏదీ దాచకుండా చెప్పేసింది. చెప్పడం పూర్తయ్యేసరికి ప్రూయిట్ ఫోను చెవిన పెట్టుకుని, ఇంకో చేత్తో టై పీకి పారేస్తున్నాడు. "ఎత్తు, ఎత్తవయ్యా, ఎత్తు..." అవతల ఎవరో ఎత్తారు. అతను స్పీకరు నొక్కాడు.

"మేసన్ ఫాల్స్ బస్సేనా? నేను లీగ్ నుంచి ప్రూయిట్‌ని. వెంటనే బస్సు ఆపు!"

"ఆపే ఉంచాను సార్," అన్నాడు డ్రైవరు. వెనక ఏవో గిన్నెల చప్పుడు, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్న కేకలు. "భోజనాలకని హోటలు దగ్గర ఆగాం. మీరే మంచి సమయానికి చేశారు. మావాళ్ళు ఇద్దరు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. అరగంట దాటింది. ఎంత బాదినా పలకడం లేదు."